చిన్నత్త మెడలో రెండు రంగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మామిడిపండు గురించీ బంగారం గురించీ ఆఖరి మాట మా నాయనమ్మదే. నూజివీడులో మాది మామిడి వ్యాపారం చేసే ఇల్లు. తోటలు తిరగడం, బేరాలాడటం తాతయ్య పని. కాయ ఇంటికి చేరాక దాని మంచిచెడ్డలన్నీ నాయనమ్మవి. వెనక గదిలో వరిగడ్డి పరిచి మాగవేసిన రసాలను ఆవిడ వేళ్ళతో నొక్కి చూసేది కాదు. ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి ఒక్కసారి వాసన పీల్చి, ఇది ఈ పూటకి, ఇది రేపటికి అని విడదీసేది. ఆవిడ రేపటికన్న పండును తొందరపడి ఈ పూటే తిన్నవాళ్ళు మొహం పుల్లగా పెట్టుకుని మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు.

హనుమాన్ జంక్షన్ దగ్గర బస్సు మారి మా ఊరు వచ్చే కొత్త బేరాలవాళ్ళు గంపల్లో పసుప్పచ్చగా ఉన్న పండ్ల కోసమే వెతికేవాళ్ళు. మా రసాలేమో పండినా తొక్క మీద ఆకుపచ్చదనం అంత తేలిగ్గా వదలవు. ఆ సంగతి ఎంత చెప్పినా వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. అప్పుడు నాయనమ్మ, రంగు కావాలన్నవాళ్ళకి రంగే ఇవ్వండి, రుచి మనకి మిగులుతుంది అని గుమాస్తాతో చెప్పి విసురుగా లోపలికి వచ్చేసేది. ఆవిడ నోటికి జడిసి కొందరు పచ్చ తొక్క పండ్లు కొనుక్కెళ్ళేవాళ్ళు. మరుసటి ఏడు వాళ్ళే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఆవిడకో కాసులపేరు ఉండేది. పెళ్ళినాడు తల్లి వేసిందట. పండగ పూట పెట్టెలోంచి తీసి వేసుకుంటే ఆ కాసులు రాగి చెంబు తోమినట్టు ఎర్రగా ఉండేవి. ఇంగ్లీషు దొరల నాటి సవరను కాసులు అలాగే ఎర్రగా ఉంటాయని, వాటికి మించిన నికార్సైన బంగారం ఊళ్ళో ఎవరి దగ్గరా లేదని ఆవిడ చెప్పేది. నేను ఆ కాసులను ఒక్కొక్కటీ వేలితో తడుముతూ కూర్చునేదాన్ని. మెత్తగా అరిగిన ఆ అంచులు నాకు ఇప్పటికీ వేలికి తెలుస్తాయి.

మా నాన్నగారి ఆఖరి చెల్లెలు మా చిన్నత్త. నాకు తల దువ్వి జడలు వేసేదీ, బడి ఎగ్గొడితే వెనకేసుకొచ్చేదీ ఆవిడే. గట్టిగా ఒక మాట అంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగే మనిషి. అలాంటి పిల్లకు విస్సన్నపేటలో పెద్ద తోటలున్న ఇంట సంబంధం కుదిరింది. కుదిరిన దగ్గర్నించి నాయనమ్మకు ఒకటే దిగులు, ఈ మెతక పిల్ల ఆ పెద్ద సంసారంలో ఎలా నెగ్గుకొస్తుందోనని.

మా వైపు పెళ్ళిలో మంగళసూత్రాలు రెండు ఉంటాయి. ఒకటి పుట్టింటివాళ్ళు చేయిస్తారు, ఒకటి అత్తింటివాళ్ళు. మా ఇళ్ళల్లో సూత్రంతో పాటు ఒక గుండు కూడా చేయించే ఆనవాయితీ ఉండేది. గుండు అంటే శనగగింజంత బంగారు పూస. రెండిళ్ళ బంగారం ఒకే తాడు మీద చేరుతుందన్నమాట. మా వైపు సూత్రం, గుండు కోసం నాయనమ్మ కొత్త బంగారం కొననివ్వలేదు. తన కాసులపేరులోంచి ఒక కాసు తీయించింది. మా ఊరి ఆచారిగారి ఇంటికి తానే వెళ్ళి, కుంపటి ముందు పీట వేసుకుని కూర్చుని, కాసు కరగడం దగ్గర్నించి సూత్రం చేతికి వచ్చేదాకా కదల్లేదు. నన్నూ వెంట తీసుకెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ సూత్రాన్ని చీర కొంగున ముడివేసుకుని, నా తల్లి నా మెడలో వేసింది నా కూతురి మెడలోకి వెళ్తోందే అని దారి పొడుగునా చెప్పింది.

పెళ్ళి బాగా జరిగింది. రెండు సూత్రాలనూ పసుపుతాడుకు గుచ్చి కట్టించారు. కొత్త పెళ్ళికూతురు రోజూ స్నానం చేశాక సూత్రాలకు పసుపు రాసుకుంటుంది కదా. ఆ పసుపు మీద పసుపు పేరుకుని ఏ సూత్రం ఏ రంగులో ఉందో ఎవరికీ కనిపించలేదు. ఆ పసుపు కడిగేది పదహారు రోజుల పండగనాడు. ఆ రోజు పసుపుతాడు మార్చి, సూత్రాలనూ గుండ్లనూ నల్లపూసలతో కలిపి బంగారు నాంతాడుకు ఎక్కిస్తారు. ఆ వేడుక విస్సన్నపేటలో, చిన్నత్త అత్తవారింట్లో పెట్టుకున్నారు.

మామిడిపండ్ల కాలం. మేమంతా వ్యానులో గంపల మధ్య ఇరుక్కుని బయల్దేరాం. వియ్యాలవారింటికి వెళ్ళేటప్పుడు రసాలు తీసుకెళ్ళకపోతే మాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. వాళ్ళకు ఉన్న తోటల్లో మా కాయను మించిన కాయ ఉందని తెలిసినా తీసుకెళ్ళాల్సిందే. నాయనమ్మ దారంతా మాకు బుద్ధులు చెప్పింది. గట్టిగా నవ్వకూడదు, పెట్టింది వదలకూడదు, ముఖ్యంగా అత్తగారి ముందు నోరు మెదపకూడదు.

చిన్నత్త అత్తగారంటే నాకు చచ్చేంత భయం. ఆవిడ పొడుగ్గా ఉండేది. నవ్వు తక్కువ, మాట ఇంకా తక్కువ. భర్త నెమ్మదస్థుడు కావడంతో తోటల కౌలు దగ్గర్నించి కూలీల భోజనాల దాకా ఆవిడే చూసుకునేదట. పెళ్ళిలో ఆవిడ మా పెట్టుపోతల వైపు కన్నెత్తి చూడలేదు, బాగున్నాయనీ అనలేదు. నాయనమ్మకు అది గర్వంగా తోచింది. మౌనంగా ఉండేవాళ్ళ మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది అని ఇంటికొచ్చాక గొణుక్కుంది.

ఆ రోజు ముందు గదిలో చాపలు పరిచారు. ముత్తయిదువులు వరసగా కూర్చున్నారు. నాంతాడుకు సూత్రాలు ఎక్కించడానికి విస్సన్నపేట ఆచారిగారు తన చిన్న పెట్టెతో వచ్చారు. చిన్నత్త మెడలో పసుపుకొమ్ము కట్టిన కొత్త తాడు వేసి, పాత తాడు తీశారు. సూత్రాలనూ గుండ్లనూ ఆచారిగారు వెండి గిన్నెలో కుంకుడు రసం పోసి నానబెట్టారు. నేను పిల్లల్లో ముందు వరస సంపాదించి, ఆయన మోకాలికి ఆనుకుని కూర్చున్నాను. మెత్తటి కుంచెతో రుద్దుతుంటే పసుపు నురగలా విడిపోయింది. ఆయన మంచినీళ్ళతో కడిగి, రెండు సూత్రాలనూ తమలపాకు మీద పక్కపక్కన పెట్టారు.

ఒకటి పసుప్పచ్చగా తళతళలాడుతోంది. రెండోది ఎర్రగా ఉంది. విడివిడిగా చూస్తే ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. పక్కపక్కన పెట్టేసరికి గుడ్డివాళ్ళకి కూడా తేడా తెలిసేలా ఉంది. ఎర్రది మాది.

అత్తగారి ఆడపడుచు ఒకావిడ ఉంది, ఆ ఇంటి ఆడబిడ్డ, మైలవరంలో ఇచ్చారు. మనిషి చెడ్డది కాదు గానీ మనసులోకి వచ్చిన మాట నాలుక దాటేదాకా ఊరుకోలేదు. ఆవిడ ముందుకు వంగి చూసి, అందరికీ వినపడేలా అంది.

"ఇదేంటండీ, ఇంత ఎర్రగా ఉంది? రాగి దండిగా కలిపినట్టున్నారే."

చిన్నత్త తల ఇంకా కిందికి దించుకుంది. ఆవిడ చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. నేను నాయనమ్మ వైపు చూశాను. ఆవిడ మొహంలో ముందు కోపం కనిపించలేదు, దెబ్బ తగిలినట్టు కనిపించింది. ఏ కాసునైతే తల్లి గుర్తుగా దాచుకుందో, తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మేలైనదని దేన్ని నమ్మి ఇచ్చిందో, దాన్ని రాగి అన్నారు. రంగు చూసి పండు కొనేవాళ్ళను జీవితమంతా ఎగతాళి చేసిన మనిషి కూతురి మెడలోని బంగారాన్ని రంగు చూసి తీసిపారేశారు.

ఆ తరవాత వచ్చింది కోపం. నాయనమ్మ లేచి నిలబడింది. ఆచారిగారి పెట్టెలో గీటురాయి ఉంటుంది కదా, తీయమనండి, రెండు సూత్రాలూ గీసి చూడమనండి, ఎవరిది రాగో ఇప్పుడే తేలిపోతుంది అంది. మాటలు మర్యాదగానే ఉన్నాయి, గొంతు మాత్రం కత్తిలా ఉంది. మైలవరం ఆవిడ కూడా తగ్గలేదు, చూడండి, మాకేం భయం అంది.

చిన్నపిల్లనైనా అప్పుడు నాకు అర్థమైన సంగతి ఒకటుంది. మాది తక్కువని తేలితే, పుట్టింటివాళ్ళు మోసం చేశారన్న మాట చిన్నత్త బతికినంత కాలం ఆ ఇంట్లో పడాలి. వాళ్ళది తక్కువని తేలితే, కాపురానికి వచ్చీ రాగానే అత్తింటి పరువు తీసిన కోడలని అంతకంటే ఎక్కువ పడాలి. రాయి ఏం చెప్పినా ఓడేది చిన్నత్తే. పైగా మెడలో పడ్డ సూత్రాన్ని రాయి మీద గీయడం ఎవరింట్లోనూ లేదు. ముత్తయిదువులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆచారిగారు పెట్టె మీద చెయ్యి వేసి, తీయాలో వద్దో తెలియక ఇంటి యజమానురాలి వైపు చూశారు. చిన్నత్త పసుపుకొమ్మును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కళ్ళల్లోంచి నీళ్ళు చీర మీద పడుతున్నాయి. నాకు మైలవరం ఆవిడ మీదా కోపం వచ్చింది, నాయనమ్మ మీదా వచ్చింది.

చిన్నత్త అత్తగారు కోడలి వైపు చూసింది. మెల్లగా లేచి లోపలికి వెళ్ళింది. ఆవిడకు కోపం వచ్చి వెళ్ళిపోయిందనుకున్నాం. కాసేపటికి తిరిగొచ్చింది. మెడలో పసుపుతాడు, దానికో పసుపుకొమ్ము. కొత్త పెళ్ళికూతురిలా. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో ఆవిడ సొంత నాంతాడు.

కోడలి పక్కన చాప మీద కూర్చుని, పళ్ళెం ఆచారిగారి ముందు పెట్టింది. నా గుండ్లు రెండూ తీసి కడగండి, ముందు వీటిని గీయండి అంది. ఆచారిగారు మారు మాట్లాడకుండా తీసి కడిగారు. ఏళ్ళ తరబడి పట్టిన పసుపు వదలడానికి చాలాసేపు పట్టింది. కడిగి తమలపాకు మీద పెడితే, అచ్చం చిన్నత్త సూత్రాల్లాగే, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చనిది.

మైలవరం ఆవిడ పచ్చని గుండును చూసి మురిసిపోయింది. ఇది మా నాన్న చేయించింది, ఇన్నేళ్ళయినా ఎలా మెరుస్తోందో చూశారా అంది. అవును, ఇది మామగారు చేయించిందే, ఎర్రది మా పుట్టింటివాళ్ళది అని అత్తగారు నెమ్మదిగా ఒప్పుకుంది. ఆ తరవాత ఆడపడుచు వైపు తిరిగి ఒక మాట అంది.

"ఎరుపంటే తక్కువైతే, ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో నేనే తక్కువదాన్ని వదినా. అదేదో ముందు నా మీదే తేలనివ్వు."

ఆచారిగారు పెట్టెలోంచి గీటురాయి తీశారు. నల్లగా, నున్నగా, అరచేతిలో ఇమిడే రాయి. ఎర్ర గుండును దాని మీద గట్టిగా ఒక గీత గీశారు, దాని పక్కనే పచ్చనిదాన్ని ఇంకో గీత. నల్లటి రాయి మీద రెండు గీతలు, ఒకటి ఎర్రటి ఛాయ, ఒకటి పచ్చటి ఛాయ. పక్కనే కూర్చున్న నేను నోరు తెరుచుకుని చూస్తున్నానని గమనించి, ఆయన నాకు చెబుతున్నట్టుగా అందరికీ చెప్పారు. వట్టి బంగారం మెత్తన, దాంతో నగ నిలవదు. అందుకని కాస్త రాగో వెండో కలుపుతారు. రాగి ఎక్కువైతే నగ ఎర్రబడుతుంది, వెండి ఎక్కువైతే పాలిపోతుంది, రెండూ తగుపాళ్ళలో పడితే పచ్చగా కనిపిస్తుంది. కాబట్టి రంగును బట్టి ఏం కలిపారో తెలుస్తుంది, ఎంత కలిపారో తెలియదు. అది చెప్పాల్సింది ఈ మందు అని ఒక చిన్న సీసా చూపించారు. ఈ చుక్క పడితే కలిపింది కరిగిపోతుంది, బంగారం మిగులుతుంది, బంగారం ఎంత ఉంటే గీత అంత నిలుస్తుంది.

గాజుపుల్లతో సీసాలోంచి ఒక్కో చుక్క తీసి రెండు గీతల మీదా రాశారు. గదిలో అందరూ ముందుకు వంగారు. కానీ రాయి అరచేయంత. దాని మీద గీత వెంట్రుకంత. దగ్గరగా చూస్తున్నది ఆచారిగారు, ఆయన ఎదురుగా అత్తగారు, ఆయన మోకాలి దగ్గర నేను. మిగతావాళ్ళకు మా తలలే కనిపించి ఉంటాయి.

ఎర్ర గీత కదల్లేదు. గీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పచ్చ గీత మాత్రం నా కళ్ళ ముందే మసకబారడం మొదలుపెట్టింది. అంచుల్లో కొద్దిగా ఆకుపచ్చటి నురగ లేచినట్టయింది. గీత పలచబడి, అక్కడక్కడ తెగుతోంది. ఆచారిగారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆయన కళ్ళెత్తి అత్తగారిని చూశారు.

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. పక్కనున్న చెంబు ఎత్తి, రాయి మీద నీళ్ళు ధారగా పోసేసింది. తడిగుడ్డ తీసుకుని, గిన్నె తుడిచినంత మామూలుగా రాయిని తుడిచి, ఆచారిగారి చేతిలో పెట్టింది. ఎర్రది నిలిచింది కదా ఆచారిగారూ అని అడిగింది.

"నికార్సుగా నిలిచిందమ్మగారూ. ఎరుపుకీ తక్కువతనానికీ ఏ సంబంధం లేదు" అన్నారాయన.

పచ్చదాని గురించి ఆయన ఒక్క మాట అనలేదు. దాని గురించి అడిగినవాళ్ళూ లేరు. అడగాల్సింది ఎర్రదాని గురించేనని అందరూ అనుకుంటున్నారు కదా. మైలవరం ఆవిడ కాసేపు తమలపాకు వైపు చూసి, అయితే ఆ బంగారం ఛాయే అంతన్నమాట, నాకేం తెలుసు అని నవ్వేసి, చిన్నత్త కన్నీళ్ళు తన కొంగుతోనే తుడిచింది.

నాయనమ్మ ఊరుకోలేదు. అంతవరకూ బాగానే ఉంది వదినగారూ, సూత్రం కాకపోతే మా గుండైనా గీయించండి, మాకూ మనసు కుదుటపడుతుంది అని పట్టుపట్టింది. వియ్యపురాలు ఆవిడను చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ ఒకరి చెయ్యి పట్టుకోవడం మా వాళ్ళెవరూ అంతకు ముందు చూడలేదు.

"మీరిచ్చిన పిల్లని నేను గీసి తీసుకోలేదు వదినగారూ. ఆ పిల్లతో వచ్చినదాన్ని గీయమంటారా?"

నాయనమ్మ పట్టు వదలడం ఊళ్ళో ఎవరికైనా చెబితే నమ్మరు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆవిడ చాప మీద సర్దుకుని కూర్చుంది. కొంగు కళ్ళకద్దుకుంది.

ఆ తరవాత ఆచారిగారు ముందు అత్తగారి గుండ్లు తిరిగి ఆవిడ తాడుకు ఎక్కించారు, తరవాత చిన్నత్తవి. ముత్తయిదువులు పాట ఎత్తుకున్నారు. భోజనాల దగ్గర మేం తెచ్చిన రసాలు, వాళ్ళ తోట రసాలు కలిపే వడ్డించారు. ఏవి ఎవరివో తెలియకుండా అందరం చేతులు మోచేతుల దాకా కార్చుకుంటూ తిన్నాం. నాయనమ్మ చెప్పిన బుద్ధులన్నీ మర్చిపోయి గట్టిగానే నవ్వాను.

నాకు మాత్రం ఆ మాయమైన గీత కళ్ళల్లోంచి పోలేదు. సాయంత్రం పెద్దవాళ్ళు నడుం వాల్చినప్పుడు పెరటి వసారాలోకి వెళ్ళాను. అత్తగారు అక్కడ ఒంటరిగా కూర్చుని, మిగిలిన పండ్లను గడ్డిలో సర్దుతోంది. భయం ఉన్నా కడుపులో మాట ఆగలేదు. అమ్మమ్మగారూ, పచ్చ గీత పోయింది కదా అన్నాను.

ఆవిడ చేతిలో పని ఆపి నన్ను చూసింది. కోప్పడుతుందనుకున్నాను. పక్కన కూర్చోమని సైగ చేసి, ఒక రసం మెత్తగా పిసికి, ముచ్చిక తీసి నా చేతిలో పెట్టింది. చూశావా అంది. తలూపాను. అది పోతుందని మీకు ముందే తెలుసా అని అడిగాను. తెలియదంది. ఆ రెండు గుండ్లూ ఎన్నడూ గీయించలేదని, ఏది నిలుస్తుందో ఏది పోతుందో తనకూ తెలియదని చెప్పింది. మరి మీ ఎర్రదే పోయుంటే అన్నాను.

"పోతే మా పుట్టింటి మాట పోయేది. నేను పాతదాన్ని, ఓ మాట పడినా నాకేం కాదు. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల పడగలదా అమ్మా?"

తరవాత తనలో తను అనుకుంటున్నట్టు ఇంకొంచెం చెప్పింది. ఆవిడ పెళ్ళి జరిగిన ఏడు గాలివానకి ఈ తోటలన్నీ రాలిపోయాయట. మామగారు ఉన్నదాంట్లో చేయించారో, లేక ఆయన్నే ఎవరైనా మోసం చేశారో ఎవరికి తెలుసు. ఆయన కూతురు తండ్రి చేయించిందని మురిసిపోతుంటే, ఆ ముచ్చట చెడగొట్టి నేను సంపాదించేదేముంది అంది. మరి ఆ గుండు తీసేస్తారా అని అడిగాను. ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వగా చూసింది అదే మొదలు.

"ఎందుకే? ఇన్నేళ్ళూ నా గుండె మీద ఉంది. ఇవాళ రాయి చెప్పిందని బరువు తగ్గిందా?"

ఎవరికీ చెప్పొద్దని ఆవిడ నాతో అనలేదు. అని ఉంటే ఆ వయసులో వ్యానెక్కేలోపే ఎవరి చెవిలోనో ఊదేసేదాన్ని. అనలేదు కాబట్టే చెప్పలేకపోయాను. నన్నూ పెద్దమనిషిని చేసి మాట్లాడిందని లోపలెక్కడో గర్వంగా ఉండేది. తిరుగు ప్రయాణంలో నాయనమ్మ ఖాళీ గంపల మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. చివరికి, పిల్లని మంచి చోటే ఇచ్చాం అని మాత్రం అంది. ఆ తరవాత ఆవిడ చిన్నత్త గురించి దిగులుపడగా నేను వినలేదు.

చిన్నత్త ఆ ఇంట్లో నెగ్గుకు రావాల్సిన అవసరమే రాలేదు. అత్తగారి వెనకే తోటలు తిరిగింది, లెక్క నేర్చుకుంది, గొంతు కూడా కాస్త పెంచింది. మైలవరం ఆవిడకు ఆఖరి రోజుల్లో సేవ చేసింది కూడా ఈ కోడలే. అత్తగారు పోయేముందు తన గుండ్లు రెండూ చిన్నత్త చేతిలో పెట్టింది. చిన్నత్తకు ఇద్దరూ మగపిల్లలే. ఇప్పుడు ఆవిడ ముదుసలి. ఈ మధ్య మా మనవరాలి పెళ్ళి కుదిరిందని తెలిసి నన్ను విస్సన్నపేట పిలిపించి, ఒక చిన్న వెండి భరిణె ఇచ్చింది. మా అత్తయ్యగారివి, నీ మనవరాలి తాడులో వేయించు, ఎందుకో నీకే ఇవ్వాలనిపించింది అంది. పచ్చదాని సంగతి ఆవిడకు తెలుసో తెలియదో నాకు తెలియదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

పోయిన వారం మనవరాలిని తీసుకుని విజయవాడలో పెద్ద నగల దుకాణానికి వెళ్ళాను. ఇప్పుడు అన్నిటికీ హాల్‌మార్క్ ముద్రలు, అంకెలు. మేం చేయించిన సూత్రం, మగపెళ్ళివారు పంపిన సూత్రం పక్కపక్కన పెట్టారు. రెండింటి మీదా ఒకే అంకె. అయినా ఒకటి కొంచెం ఎర్రగా, ఒకటి కొంచెం పచ్చగా ఉన్నాయి. మనవరాలు కంప్యూటరు చదువు చదివిన పిల్ల. అమ్మమ్మా, వాళ్ళది కొంచెం ఎర్రగా ఉందేంటి అంది. నాకు నవ్వొచ్చింది. రాగి ఎక్కువ, వెండి తక్కువ, అంతకు మించి దానర్థం ఏమీ లేదని చెప్పాను. ఆచారిగారు నాకు చెప్పిన మాటలే అవి.

తరవాత భరిణె తెరిచి గుండ్లు రెండూ బల్ల మీద పెట్టాను. కౌంటరులోని అబ్బాయి వాటిని ముచ్చటగా చూశాడు. చాలా పాత పనండీ, అందులోనూ ఈ పచ్చది భలే మెరుస్తోంది అన్నాడు. పక్కనే ఒక మెషీను ఉంది. ఇప్పుడు గీయక్కర్లేదు, మందు పోయక్కర్లేదు, లోపల పెడితే ఎంత బంగారమో తెర మీద చూపించేస్తుందట. పెట్టమంటారా అమ్మా, ఒక్క నిమిషం పని అంటూ పచ్చని గుండు తీసుకోబోయాడు. మనవరాలు కూడా ఆసక్తిగా ముందుకు వంగింది.

నేను చెయ్యి చాచి రెండు గుండ్లనూ గుప్పిట్లోకి తీసుకున్నాను.

"వద్దు బాబూ. వీటి సంగతి నాకు తెలుసు. తాడుకి ఎక్కించెయ్" అన్నాను.